ఫ్యాను రెక్క మీద దాత పేరు

మా కాలనీ గుడి ముఖమండపంలో మొన్నమొన్నటి వరకు 14 ఫ్యాన్లు ఉండేవి. వాటిలో 11 ఫ్యాన్ల రెక్కల మీద దాతల పేర్లు, గోత్రాలు, ఎవరి జ్ఞాపకార్థం సమర్పించారో ఆ వివరాలు ఎర్ర రంగుతో రాసి ఉండేవి. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ అక్షరాలు ఎవరికీ కనబడవు. దాత పేరు చదవాలంటే ఫ్యాను ఆపవలసిందే. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి కదా, లెక్కలు సరిగ్గా రాస్తాడని మూడేళ్ల క్రితం ఆలయ కమిటీవారు నన్ను కోశాధికారిగా కూర్చోబెట్టినప్పుడు, ఆ ఎర్ర అక్షరాలే ముందుముందు నాకు అన్నిటికంటే పెద్ద చిక్కు తెచ్చిపెడతాయని నేను ఊహించలేదు.

మాది విశాఖపట్నంలో మాధవధార వైపు, సింహాచలం కొండల వరుసకు దిగువన ఉన్న పాత కాలనీ. గుడి కూడా పెద్దదేమీ కాదు. ఒక గర్భగుడి, రెండు ఉపాలయాలు, మూడంతస్తుల గోపురం, పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక రావిచెట్టు, అంతే. అటువంటి గుడికి నెలకు 1,200 యూనిట్ల కరెంటు ఖర్చవుతోందని మొదటి నెల బిల్లు చూసి తెలుసుకున్నాను. ఇద్దరు మనుషులుండే మా ఇంట్లో వేసవిలో ఏసీ వేసుకున్నా 250 యూనిట్లు దాటదు. నాకు ముందు ఆ పని చూసినవారు ఎంతో నిజాయితీపరులు, రూపాయి అటూ ఇటూ పోనిచ్చేవారు కారు. అయినా బిల్లు వచ్చిన రోజునే హుండీ సొమ్ములోంచి తీసి కట్టేయడమే తప్ప, అందులో యూనిట్ల గడిని ఆయన ఏనాడూ చూసినట్టు లేదు. బిల్లు ఆలస్యం కాకుండా కట్టడమే జాగ్రత్త అని మేమందరం అనుకునేవాళ్లం.

ఒకనాడు తెల్లవారుజాము రైలు అందుకోవలసి ఉండి రెండున్నరకు ఇంట్లోంచి బయలుదేరాను. వీధి మలుపు తిరగగానే గోపురం పట్టపగలులా వెలిగిపోతూ కనిపించింది. నాలుగు మూలలా నాలుగు పాత మెటల్ హాలైడ్ ఫ్లడ్ లైట్లు, ఒక్కొక్కటి 400 వాట్లది. చూసేవారెవరా అని చుట్టూ చూస్తే నాలుగు కుక్కలు, గేటు దగ్గర కుర్చీలో నిద్రపోతున్న కాపలాదారు తప్ప ఎవరూ లేరు. ఆ ఆటోలో కూర్చునే మనసులో లెక్క కట్టాను. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజామున ఐదు దాకా 11 గంటలు, నాలుగు దీపాలు, రోజుకు 17.6 యూనిట్లు, నెలకు 528. అంటే మా గుడి బిల్లులో దగ్గరదగ్గర సగం, చాలావరకు గుడి తలుపులు మూసి ఉన్న వేళలో, గుడి వెలుపలి గోడ మీద ఖర్చవుతోంది.

ఆ తరువాతి ఆదివారం మా వీధి ఎలక్ట్రీషియన్ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని పుస్తకం, పెన్నూ పట్టుకుని ప్రతి స్విచ్చూ తిరిగాను. ఫ్యాన్లు 14, ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకు తొమ్మిది గంటలు. అర్చకస్వామి పొద్దున్న తలుపులు తీస్తూ అన్నీ ఒకేసారి వేస్తారు, మధ్యాహ్నం తలుపులు మూసేటప్పుడు తీస్తారు, సాయంత్రం మళ్లీ అదే వరుస. ట్యూబులైట్లు 22, పాతకాలపు చోకులతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్ల పైమాట. నీటి మోటారు ఒక హార్స్‌పవర్‌ది. ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంట కారుతున్న చప్పుడు వినబడ్డాకే దాన్ని ఆపే ఆచారం. మేము అలా రాసుకుంటూ తిరుగుతుంటే మెట్ల దగ్గర పూలు అమ్మే ఆవిడ నవ్వి, "ఏటి బాబుగారూ, దేవుడి కాడ కూడా లెక్కలేనా?" అని అడిగింది. నా దగ్గర ఆనాడు సరైన సమాధానం లేదు.

ఇప్పుడైతే ఉంది. మన గుళ్లలోనూ, మసీదుల్లోనూ, చర్చిల్లోనూ కరెంటు వృథా కావడానికి భక్తి ఎక్కువ కావడమో, బాధ్యత లేకపోవడమో కారణమని నేను అనుకోను. మన దగ్గర వస్తువును దానం చేసే ఆచారం ఉంది గాని, ఆ వస్తువును నడిపే ఖర్చును దానం చేసే ఆచారం లేదు. ఫ్యాను ఇచ్చినవారికి పుణ్యం, పేరు ఆ రోజే దక్కుతాయి. ఆ ఫ్యాను పదిహేనేళ్లపాటు తాగే కరెంటు ఎవరి పేరునా ఉండదు. స్విచ్చు వేసిన రోజున కొబ్బరికాయ కొడతారు. స్విచ్చు తీయవలసినది ఎవరో ఏ శిలాఫలకం మీదా రాసి ఉండదు. పైగా దాతకు తన సొమ్ముతో కొన్నది కంటికి కనబడాలి గనుక ఫ్యాన్లు, ఫ్లడ్ లైట్లు, రంగు దీపాల బోర్డులు వచ్చి పడుతూనే ఉంటాయి. మోటారుకు ఆటోమేటిక్ స్విచ్చు ఇస్తామని గాని, పాత వైరింగు మార్పిస్తామని గాని మొక్కుకున్న భక్తుణ్ణి నేను ఈ మూడేళ్లలో చూడలేదు.

కమిటీ సమావేశంలో ఈ లెక్క చదివినప్పుడు పెద్దవారొకరు, దేవుడి వెలుగుకు వెల కడతారా అని బాధపడ్డారు. ఆయన మాటను నేను తేలికగా తీసుకోలేదు, ఎందుకంటే ఆ బాధ నిజమైనది. అయితే మన ఆలయ సంప్రదాయంలో వెలుగు ఎక్కడ ఉండాలన్న విషయంలో చాలా స్పష్టత ఉంది. గర్భగుడిని కావాలనే చీకటిగా కడతారు. నూనె దీపపు కాంతిలో సగం కనబడే మూర్తి, హారతి పళ్లెం పైకి లేచినప్పుడు ఒక్క క్షణం నిండుగా కనిపిస్తుంది, ఆ క్షణానికే మనం చేతులు జోడిస్తాం. గర్భగుడిలో తెల్లటి ట్యూబులైటు పెట్టి, స్వామి తల వెనుక రంగులు మారుస్తూ తిరిగే చక్రం ఒకటి తగిలించాక, హారతికి చూపించడానికి ఇక మిగిలేదేమిటి? విచిత్రమేమంటే ఈ మాటను అందరికంటే ముందు సమర్థించినది మా పంతులుగారే. ఆ చక్రం చప్పుడుకు తనకు మంత్రం మధ్యలో తప్పిపోతోందని ఆయన చాలాకాలంగా లోలోపల మథనపడుతున్నారట, దాత ఏమనుకుంటారో అని నోరు విప్పలేదట.

మన ఊరి దేవతలనే చూడండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మూర్తి పైన కప్పు లేదు. ఆ తల్లికి ఎండే దీపం, వానే అభిషేకం. భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించుకుంటారు. సింహాద్రి అప్పన్నను చల్లబరచడానికి మన పెద్దలు ఎంచుకున్నది చందనం. అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనం అయ్యాక మూడు మణుగుల చందనాన్ని, అంటే సుమారు 125 కిలోలను, సానరాళ్ల మీద చేత్తో అరగదీసి స్వామికి పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మళ్లీ అంతంత సమర్పిస్తారు. ఉగ్రమూర్తి అయిన నరసింహుడే ఏసీ లేకుండా విశాఖ ఎండాకాలాన్ని గడిపేస్తున్నాడని నేను సమావేశంలో అంటే, అంతసేపూ ముఖం ముడుచుకుని ఉన్న పెద్దాయన కూడా నవ్వేశారు.

ఆయనను నిజంగా మెత్తబరచినది మాత్రం హుద్‌హుద్ జ్ఞాపకం. 2014 అక్టోబరు 12, ఆదివారం, ఆ తుపాను మన నగరం మీదుగానే తీరం దాటింది. చెట్లూ, స్తంభాలూ కలిసి పడిపోయి కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ రోజుల్లో మా గుడిలో మైకు లేదు, ఫ్యాను లేదు, గోపురం మీద దీపం లేదు. సూర్యోదయంతో తలుపులు తీసి, రెండు ప్రమిదలు వెలిగించి, చీకటి పడిన కాసేపటికి మూసేవారు. అయినా అంతమంది జనం గుడికి రావడం అంతకుముందు గాని, ఆ తరువాత గాని చూడలేదని అందరమూ ఒప్పుకున్నాం. ఇళ్లలో టీవీలు లేకపోవడం వల్ల వచ్చారని మా కార్యదర్శిగారు గొణిగారు, అదీ కొంత నిజమే. తుపాను తరువాత నగరమంతటా దాదాపు 90 వేల వీధి దీపాలను మార్చి ఎల్‌ఈడీలు పెట్టారు. వీధులు అప్పుడే మారిపోయాయి, మా గోపురం మాత్రం 2002 నాటి దీపాలతోనే అలా వెలుగుతూ ఉండిపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. పరవాడ దగ్గర ఎన్టీపీసీ వారి బొగ్గు విద్యుత్ కేంద్రానికి పెట్టిన పేరు సింహాద్రి, అప్పన్న కొండ పేరే. ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు, మొత్తం 2,000 మెగావాట్లు. ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి బొగ్గు రైళ్లలో వస్తుంది, చల్లబరచడానికి సముద్రపు నీటిని వాడతారు. గ్రిడ్డులో కలిసిన కరెంటుకు ఊరూ పేరూ ఉండవు గనుక మా గుడి దీపం అక్కడి బొగ్గుతోనే వెలుగుతోందని ఎవరూ చెప్పలేరు. కాని మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనుక సగటున 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోందన్న లెక్క ప్రకారం, రాత్రిళ్లు కుక్కలకు చూపించిన మా గోపురం వెలుగు వెనుక నెలకు 370 కిలోల వాయువు ఉంది. అదే సింహాద్రి కేంద్రంవారు తమ జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే సౌర పలకలను 2021లో పూర్తిచేశారు. అంతకుముందే 2018లో మన ముడసర్లోవ జలాశయం మీద నగరపాలక సంస్థ 2 మెగావాట్ల పలకలను తేలించింది. ఇవన్నీ చూసి మా కమిటీలోని కుర్రవాళ్లు, మనం కూడా వెంటనే సోలార్ పెట్టేద్దామని ఉత్సాహపడ్డారు.

నేను ఒప్పుకోలేదు, ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు మసీదుకు వెళ్లాలి.

ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి పక్కపక్కనే ఉండి, లోపలికి వచ్చే ప్రతి ఓడకూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఆ ఓడరేవులోనే 30 ఏళ్లకు పైగా పనిచేసిన నా మిత్రుడొకరు ఇప్పుడు తమ పేటలోని మసీదు కమిటీలో ఉన్నారు. సాయంత్రం నడకలో మా గుడి లెక్క చెప్పినప్పుడు ఆయన, "మాది ఇంకా ఘోరం గురువుగారూ" అని మొదలుపెట్టారు. వారి మసీదులో ఫ్యాన్లన్నీ రెండే స్విచ్చుల మీద ఉండేవట. శుక్రవారం జుమాకు ఆవరణ దాకా నిండిపోయే మసీదులో, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఒక్క వరుస మనుషులు మాత్రమే ఉంటారు. ఆ ఒక్క వరుస కోసం మొత్తం ఫ్యాన్లు తిరిగేవి. వారు చేసినదల్లా ఏమిటంటే, ఎన్ని వరుసలు నిలబడతాయో అన్ని విడి స్విచ్చులు వచ్చేలా వైరింగు మార్చుకోవడం. ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రవాళ్లు, రెండు రోజుల పని. ఇప్పుడు మొదటి వరుస నిండితేనే రెండో వరుస ఫ్యాన్లు వేస్తారు. ఇంత చిన్న పని ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదో తమకే అర్థం కాలేదని ఆయన అన్నారు. నేను మరునాడే వెళ్లి మా మండపంలో ఆ పని చేయించాను.

నీళ్ల విషయంలో వారు మాకంటే చాలా ముందున్నారు. వజూ చేసుకునేటప్పుడు, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లు, చేతులు కడుక్కునేటప్పుడు, ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా సరే నీటిని దుబారా చేయవద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసు (ఆయన మాటలు, నడవడి గురించిన ఉల్లేఖనం) ఉందనీ, ఆయన ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరులో మూడింట రెండు వంతుల నీటితో వజూ ముగించేవారని మరొక హదీసు చెబుతుందనీ ఆయన వివరించారు. కుళాయి తిప్పి వదిలేస్తే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. అందుకని వారు కుళాయిలకు ధార సన్నగా వచ్చే బిరడాలు పెట్టించి, వజూ నీరు సబ్బు లేని నీరే గనుక మురుగు కాలువలోకి పోనివ్వకుండా ఆవరణలోని కొబ్బరిచెట్లకు, అక్కడి నుంచి ఇంకుడు గుంతకు మళ్లించారు. మా గుడిలో అభిషేకం నీరు కూడా అలా మళ్లించాలని చూశాం గాని, పాలు, తేనె, పంచదార కలిసి ఉండటంతో చీమలు పట్టి, వాసన వచ్చి మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఇప్పుడు పంచామృతాలను ముందుగా ఒక పాత్రలో పట్టి తీర్థంగా పంచి, చివరి శుద్ధోదకాన్ని మాత్రం పూలమొక్కలకు వదులుతున్నాం. మోటారు రోజుకు రెండు గంటలు తిరిగేది కాస్తా ఒక గంటకు తగ్గింది.

నీటిని కాపాడుకోవడం మతానికి వెలుపలి విషయమని అనుకునేవారిని నేను ఒకసారి తొట్లకొండకు తీసుకువెళ్లాలనుకుంటాను. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా, 2,000 ఏళ్ల నాటి ఆ బౌద్ధారామానికి ఆ పేరు రావడానికి కారణమే అక్కడి రాతిని తొలిచి చేసిన నీటి తొట్లు. కొండ మీద ఊట లేదు. పడిన వాన చుక్కను ఆ రాతి తొట్లలోకి పట్టి, దానితోనే వర్షావాసం, అంటే వానాకాలపు బస, గడిపిన భిక్షువులు స్తూపాల పక్కనే, విహారాల పక్కనే ఆ తొట్లకు చోటిచ్చారు. పక్కనే బావికొండ, పేరులోనే బావి ఉంది. భీమిలి దగ్గరి పావురాలకొండ మీద 16 రాతి తొట్లు కనిపిస్తాయి. ఈ మూడు కొండల మీదా గోడలు చాలావరకు కూలిపోయాయి, తొట్లు మాత్రం నేటికీ వాన పడితే నిండుతున్నాయి. విహారాన్ని కట్టినవారు దాన్ని నడిపేదెలాగో కూడా ఆలోచించి కట్టారు.

చర్చి విషయం నా చిన్ననాటి స్నేహితుడి వల్ల తెలిసింది. ఆయన బాప్టిస్టు సంఘంలో పెద్ద. వారి పాత చర్చికి ఎత్తైన కప్పు, నిలువెత్తు కిటికీలు ఉండేవి; సముద్రపు గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు పోయేది. సంఘం పెరిగిందని పక్కనే కట్టిన కొత్త హాలుకు కిటికీలు తెరవడానికి వీల్లేని అద్దాలు, తక్కువ ఎత్తులో ఫాల్స్ సీలింగు, వాటికి తోడు పెద్ద ఏసీలు పెట్టారు. ఆదివారం రెండు ఆరాధనలకు, బుధవారం ప్రార్థన కూటానికి కలిపి వారానికి ఏడెనిమిది గంటలే వాడినా, ఆ ఏసీల కోసం తీసుకున్న లోడుకు తగ్గట్టు ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం ప్రతి నెలా కట్టవలసిందే. పాస్టరుగారు 2015లో పోప్ ఫ్రాన్సిస్ భూమిని మన ఉమ్మడి ఇల్లుగా చెబుతూ రాసిన 'లౌదాతో సీ' లేఖ నుంచి కొన్ని భాగాలు ఒక ఆదివారం ప్రస్తావించారట. దానికి సంఘంలో ఒకరు లేచి, మనం బాప్టిస్టులం, పోపుగారి లేఖ మనకెందుకని అడిగారట. "కరెంటు బిల్లుకు శాఖాభేదాలు లేవు తమ్ముడూ" అని పాస్టరుగారు జవాబిచ్చారని నా స్నేహితుడు ఎంతో మురిసిపోతూ చెప్పాడు. ఇప్పుడు వారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరాధనను మళ్లీ పాత చర్చిలోనే జరుపుకుంటున్నారు. ఉదయపు ఆరాధనను గంట ముందుకు జరిపారు.

ఇక సోలార్ సంగతి. 1,200 యూనిట్ల బిల్లు చూపిస్తే సోలార్ అమ్మేవారు 10 కిలోవాట్ల పలకలు పెట్టాలన్నారు. ఒక కిలోవాటు పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి గనుక వారి లెక్క తప్పేమీ కాదు. కాని మా గుడి పైకప్పు మీద అంత చోటు లేదు. ఉన్న చోటులో సగం మీద మధ్యాహ్నం దాటితే గోపురం నీడ పడుతుంది, మిగిలిన సగం మీద రావిచెట్టు కొమ్మలు వాలి ఉంటాయి. వరుసగా కలిపిన పలకల్లో ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి పడిపోతుందని వచ్చిన ఇంజనీరు చెప్పి, ఆ పక్క కొమ్మలు కొట్టేస్తే సరిపోతుందన్నాడు. ఆ మాటకు కమిటీ అంతా ఒక్కసారిగా లేచిన తీరు చూస్తే, ఈ మూడేళ్లలో మేము ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటేనేమో అనిపిస్తుంది. హుద్‌హుద్‌లో సగం విరిగి, మళ్లీ చిగిర్చి నిలబడ్డ చెట్టది. మండపాన్ని చల్లగా ఉంచుతున్న చెట్టును కొట్టేసి, ఆ ఎండను పలకల మీద పట్టి, దానితో ఫ్యాన్లు తిప్పుకోవడమంత తెలివితక్కువ పని మరొకటి ఉండదు.

అందుకని ముందు ఖర్చు తగ్గించాం. గోపురానికి 50 వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, పది గంటలకు వాటంతటవే ఆరిపోయేలా ఒక టైమరు. 528 యూనిట్లు పోయిన చోట ఇప్పుడు 24 పోతున్నాయి. ట్యూబులైట్లు 22 నుంచి 12కు తగ్గాయి, అవీ 20 వాట్ల ఎల్‌ఈడీలే. పండుగలతో, షెడ్డులో జరిగే పెళ్లిచూపులతో, ఉపనయనాలతో కలిపి ఏడాది తరువాత సగటు 400 యూనిట్ల దగ్గర నిలిచింది. అప్పుడు షెడ్డు మీద నీడ పడని మూల చూసి మూడు కిలోవాట్లు పెట్టించాం. మన తీరంలో ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో కిటికీ ఊచలున్న ప్రతి ఇంటివారికీ తెలుసు; అందుకే జింకు పూత బాగా పట్టిన చట్రాల కోసం కాస్త ఎక్కువ పెట్టాం. పలకల మీద దుమ్మును పదిహేను రోజులకొకసారి కడగడం మా కాపలాదారు పని. ఆ కడిగిన నీళ్లు కూడా మొక్కలకే పోతాయి.

అన్నదానం గురించి రాయాలంటే మరొక టపా కావాలి. తిరుమలలో 2002లోనే 106 అద్దాల పళ్లేలతో సూర్యకాంతిని ఒకచోటికి చేర్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, రోజుకు 15,000 మందికి వంట చేసే ఏర్పాటు పెట్టారు. 2009లో షిరిడీలో 73 పళ్లేలతో అటువంటిదే వచ్చింది. మాకు అంత స్తోమత లేదు గనుక కందిపప్పును ముందుగా నానబెట్టడం, గుండిగల మీద మూతలు పెట్టడం, అంతే చేశాం. కార్తిక వనసమారాధనలో థర్మాకోల్ పళ్లేలు మానేసి, పాడేరు వైపు నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు తెప్పించాం; 2022 జూన్ నుంచి నగరంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది గనుక అభ్యంతరం చెప్పేవారు కూడా లేకపోయారు. సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరిప్రదక్షిణనాడు 32 కిలోమీటర్ల దారి పొడవునా భక్తులకు నీళ్లు అందించే కాలనీల్లో మాది ఒకటి. ఇప్పుడు ప్యాకెట్లకు బదులు కుండలు, స్టీలు గ్లాసులు పెడుతున్నాం, గ్లాసులు కడగడానికి నలుగురు కుర్రవాళ్లు వంతులవారీగా నిలబడుతున్నారు. ఏటా పది, పదిహేను గ్లాసులు పోతాయి. అవి ఎక్కడికి పోతాయో అప్పన్నకే తెలియాలి.

మిగిలినవి ఫ్యాన్లు. 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు వేస్తే సరిపోతుంది, ధర కూడా పెద్దదేమీ కాదు. కాని 11 కుటుంబాల పేర్లున్న ఫ్యాన్లను దించడమంటే, వారి నాన్నగారినో, అత్తగారినో నిచ్చెన వేసి దించినట్టు ఉంటుందని నాకు ముందే తెలుసు. ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లాను. దాతల పేర్లన్నీ కలిపి మండపం గోడ మీద ఒక రాతిపలక వేస్తామనీ, ఇకనుంచి వస్తువులు ఇవ్వదలచినవారు దానితోపాటు ఒక ఏడాది కరెంటు ఖర్చు కూడా ఇవ్వాలన్న నియమం పెట్టామనీ చెప్పాను. ఎనిమిది ఇళ్లవారు వెంటనే సరేనన్నారు. ఒకరు విదేశం నుంచి ఫోనులో, పేరులో అక్షరదోషం ఉండేది, రాతి మీద సరిచేసి రాయించండి అన్నారు. 15 ఏళ్లుగా ఆ తప్పు వారిని బాధిస్తోందట, ఫ్యాను ఆగినప్పుడల్లా కనబడేదట. ఇంకొకరు కొంత తటపటాయించి, పాత రెక్కలు తమకే ఇచ్చేయమని అడిగి తీసుకుపోయారు.

చివరి ఇంటిలో 80 దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. తూర్పు వరుసలో మూడో ఫ్యాను ఆమె భర్త పేరున ఉంది. నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, "నువ్వు చెప్పింది బాగానే ఉంది నాయనా, మిగతావన్నీ మార్చెయ్యి" అన్నారు. శనివారాలు సాయంత్రం ఆవిడ చేతికర్ర ఊతంగా వచ్చి, ఆ ఫ్యాను కిందనే గోడకు ఆనుకుని కూర్చుంటారు. హారతి అయ్యాక కార్యదర్శిగారు స్విచ్చు తీస్తే, రెక్కలు మెల్లగా ఆగేదాకా తల పైకెత్తి చూసి, అప్పుడు లేస్తారు.

13 ఫ్యాన్లు మారాయి. ఆ ఒక్కటి రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు తొమ్మిది యూనిట్లు తీసుకుంటుంది. నా లెక్కల పుస్తకంలో దానికి వేరే గడి గీసి, ప్రతి నెలా ఆ తొమ్మిదీ విడిగా రాస్తున్నాను.